కొండదారికి ఏ పటం: కారు తెరలోదా, ఫోనులోదా?

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలు కారు కొనాలంటే ఎక్కువగా విశాఖపట్నమో బరంపురమో వెళ్తాయి. షోరూములో సేల్స్ ఉద్యోగి తెర వెలిగించి, ఊళ్లో ఏదో ఒక చోటికి దారి చూపించి, ‘ఈ వేరియంట్‌లో నావిగేషన్ కారులోనే వస్తుంది సార్’ అంటాడు. అదే సమయంలో జేబులోని ఫోను తీసి చూసినా అదే దారి కనిపిస్తుంది. నగరం నడిబొడ్డున రెండింటికీ తేడా పెద్దగా తెలియదు. తెలిసేది కూనేరు దాటి రాయగడ వైపు వచ్చాక, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక. అక్కడికి తీసుకెళ్లి పరీక్షించి చూపించే షోరూము లేదు. అందువల్ల ఏది ఎక్కడ చెల్లుతుందో తెలుసుకునే కొనడానికి వెళ్లాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తెర ఎంత పెద్దదన్నది తర్వాతి మాట. మీ కారు ఏడాదిలో ఎక్కువగా ఎటు తిరుగుతుందో మొదట చూడండి. కిందికి, అంటే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, విశాఖ వైపో, టెక్కలి, శ్రీకాకుళం వైపో వెళ్లే కుటుంబానికి ఫోను చాలు. చాలడమే కాదు, అదే మేలు. పైకి, అంటే కొరాపుట్, మల్కన్‌గిరి కొండల లోపలికీ, కాశీపూర్, నారాయణపట్న వైపు ఊళ్లకూ పని మీద తరచూ వెళ్లేవారికి కారులో అమర్చిన నావిగేషన్ పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. ఈ రెండు వర్గాల మధ్య ఉన్నవారి కోసమే మిగతా వివరమంతా.

టవరు లేకపోతే పోయేది ఏది

‘సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు’ అని మన దగ్గర చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకంతోనే ఖరీదైన వేరియంట్ కొనేవారూ ఉన్నారు. అది నిజం కాదు. జీపీఎస్ సంకేతం ఉపగ్రహాల నుంచి నేరుగా ఫోనుకు అందుతుంది. దానికి సెల్ టవరుతో పని లేదు, డేటా బ్యాలెన్సుతో అంతకన్నా పని లేదు. ఇప్పటి ఫోన్లు అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో ఉపగ్రహాలను కూడా వాడుకుంటాయి. మన ఇస్రో నావిక్‌ను అందుకునే ఫోన్లూ ఉన్నాయి. అంటే పొట్టంగి కొండల్లో టవరు పోయినా మీరు ఎక్కడున్నారో ఫోనుకు తెలుస్తూనే ఉంటుంది.

అక్కడ పోయేది పటం. ఫోను పటాన్ని ముక్కలు ముక్కలుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ ఆగిపోతే కొత్త ముక్కలు రావు. బూడిదరంగు ఖాళీ తెర మీద నీలం చుక్క ఒక్కటే కదులుతూ ఉంటుంది. పటాన్ని ముందే ఫోనులోకి దించుకుంటే ఈ సమస్య దాదాపు తీరిపోతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఇంకో చిన్న విషయం ఉంది. ఉపగ్రహాలను మొదటిసారి వెతికి పట్టుకోవడంలో టవరు నుంచి వచ్చే సమాచారం ఫోనుకు తోడ్పడుతుంది. టవరు లేని చోట ఫోనును అప్పుడే ఆన్ చేస్తే స్థానం దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. కాబట్టి ఊరు దాటకముందే, నెట్ ఉండగానే దారి మొదలుపెట్టాలి. సెమిలిగుడలో టీ తాగి బయలుదేరేటప్పుడు పెట్టుకున్న దారికీ, అడవి మధ్యలో ఆగి వెతుక్కున్న దారికీ తేడా అక్కడే వస్తుంది.

కారులో అమర్చిన నావిగేషన్ విషయానికి వస్తే, పటమంతా కారు మెమరీలోనో మెమరీ కార్డులోనో ఉండే రకం ఒకటి. దానికి టవరు ఉన్నా లేకపోయినా ఒకటే. కానీ ఈమధ్య వస్తున్న కొన్ని కార్లలో సొంత సిమ్ ఉండి, ఫోను లాగే పటాన్ని నెట్ నుంచి తెచ్చుకునే రకం కూడా ఉంది. కారులోనే ఉంది కదా అని దాన్ని కొంటే, కొండల్లో మళ్లీ ఆ టవరు మీదే ఆధారపడాలి. షోరూములో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ‘పటం కారులో దాచి ఉంటుందా, నెట్ నుంచి వస్తుందా?’ జవాబు తడబాటుగా వస్తే, కారు సిమ్‌ను, మీ ఫోను హాట్‌స్పాట్‌ను ఆపించి అరకు నుంచి కొరాపుట్‌కు దారి అడిగి చూడండి. నిజం తెర మీదే తేలుతుంది.

కొండ మీద కారు నావిగేషన్ గెలిచేది ఇందుకు

26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి, సెమిలిగుడ ఎక్కే దారి మనలో చాలామందికి బాగా తెలుసు. ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ, ఎదురుగా బరువు లారీలు. ఇలాంటి చోట ఆకాశం కొంత భాగమే కనిపిస్తుంది. ఫోనుకు అందే ఉపగ్రహాలు తగ్గి, చుక్క అప్పుడప్పుడు రోడ్డు వదిలి లోయలోకి జరిగినట్టు కనిపిస్తుంది. కారులో అమర్చిన వ్యవస్థకు ఇక్కడ రెండు అనుకూలతలు ఉన్నాయి. దాని యాంటెన్నాకు సాధారణంగా పైకప్పు మీద చోటు ఉంటుంది కాబట్టి ఆకాశం బాగా అందుతుంది. రెండోది అంతకన్నా ముఖ్యం. ఉపగ్రహ సంకేతం కాసేపు తెగినా, చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, కారు ఎటు మలుపు తిరిగింది అన్న సమాచారంతో మంచి వ్యవస్థలు స్థానాన్ని తామే లెక్కగట్టుకుంటాయి. సొరంగంలో కూడా దారి తప్పనిది అందుకే. ఫోనులో మలుపును పసిగట్టే సెన్సర్ ఉన్నా చక్రాల లెక్క దానికి తెలియదు.

అయితే ఘాట్ రోడ్డు మీద మలుపులు ఎన్ని ఉన్నా దారి ఒకటే. సుంకి నుంచి సాలూరు దిగేటప్పుడు చుక్క నాలుగు అడుగులు పక్కకు జరిగినంత మాత్రాన ఎవరూ దారి తప్పరు. కచ్చితమైన స్థానం నిజంగా అవసరమయ్యేది దారులు చీలే చోట. లక్ష్మీపూర్ దాటాక ఏ చీలిక నారాయణపట్నకు, ఏది కాశీపూర్‌కు అన్నప్పుడు, అదీ రాత్రి వేళ. గనుల పనులు, వంతెనల కాంట్రాక్టులు, మందుల సరఫరా, బ్యాంకు పరిశీలనలు వంటి పనుల మీద ఇలాంటి చీలికల్లో రోజూ తిరిగేవారికి కారు నావిగేషన్ నమ్మకమైన తోడు. ఏడాదికోసారి దేవ్‌మాలి శిఖరం చూడటానికో, శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడానికో వెళ్లే కుటుంబానికి ఆ ఖర్చు అవసరం లేదు.

శీతాకాలపు పొగమంచులో దీని ఇంకో ఉపయోగం కనిపిస్తుంది. సునాబెడ, సెమిలిగుడ దగ్గర తెల్లవారుజామున ముందున్న లారీ కూడా కనిపించని రోజులుంటాయి. అప్పుడు రాబోయే మలుపు ఎటు తిరుగుతుందో తెర మీద ముందే కనిపిస్తే డ్రైవరుకు ధైర్యంగా ఉంటుంది. కొన్ని కార్లలో ఆ సూచన స్పీడోమీటరు పక్కనే వస్తుంది, చూపు దారి మీద నుంచి పెద్దగా తిప్పాల్సిన పని లేదు. హోల్డరులో పెట్టిన ఫోను ఈ సౌకర్యం ఇవ్వలేదు.

కింద ఫోనుదే పైచేయి

ఘాట్ దిగాక లెక్క తారుమారవుతుంది. ఫోను పటాలకు ట్రాఫిక్ సమాచారం ఇచ్చేది ఆ దారిలో వెళ్తున్న మిగతా ఫోన్లే. ఎక్కువ ఫోన్లు ఎంత నెమ్మదిగా కదులుతుంటే అంత రద్దీ అని లెక్క. అందుకే విశాఖలో, విజయనగరంలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆ సమాచారం నమ్మదగ్గదిగా ఉంటుంది. పది నిమిషాలకు ఒక బండి వెళ్లే బందుగావ్ రోడ్డు మీద అదే సమాచారానికి విలువ లేదు. అక్కడ ఎరుపు గీత కనిపించలేదు కాబట్టి దారి ఖాళీ అని అనుకోకూడదు, చెప్పడానికి ఫోన్లు లేవని అర్థం.

దక్షిణ ఒడిశా జిల్లాల నుంచి జబ్బు మనిషిని తీసుకుని విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికో, అక్కడి ప్రైవేటు ఆసుపత్రులకో వెళ్లే కుటుంబాలు ఎన్నో. నగరంలోకి అడుగుపెట్టాక ఏ దారి మూసేశారు, ఎక్కడ రద్దీ ఉంది అన్నది అప్పటికప్పుడు తెలియాలి. కారు మెమరీలో రెండేళ్ల కిందటి పటం ఉంటే ఆ క్షణంలో అది పనికిరాదు. నా దృష్టిలో ఈ ఒక్క అవసరమే చాలు, సరిహద్దు జిల్లాల్లో ప్రతి కారులో ఫోను నావిగేషన్ సిద్ధంగా ఉండాలనడానికి.

కొత్త రోడ్ల విషయంలోనూ అంతే. రాయపూర్–విశాఖ ఆరు వరుసల రహదారి మన కొరాపుట్ జిల్లా మీదుగానే వెళ్తుంది. మొత్తం 464 కిలోమీటర్లు, మూడు రాష్ట్రాలు. ఇలాంటి రహదారులు ఒక్క రోజున మొత్తంగా తెరుచుకోవు, ముక్కలు ముక్కలుగా తెరుస్తారు. ఫోను పటంలో ఆ మార్పు త్వరగా కనిపిస్తుంది. కారులో దాచి ఉండే పటం సర్వీసు సెంటరులో అప్‌డేట్ చేయించేదాకా పాత లోకంలోనే ఉంటుంది. మనకు దగ్గరలోని సర్వీసు సెంటరు ఎంత దూరంలో ఉందో కూడా లెక్కలోకి తీసుకోండి.

పటం ఎంత పాతదో షోరూములోనే పట్టుకునే చిట్కా ఒకటుంది. పార్వతీపురం అని వెతికి ఏ జిల్లా చూపిస్తుందో చూడండి. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఇంకా విజయనగరం జిల్లా అనే చూపిస్తుంటే పటం పాతదని అనుమానించాలి.

ఊరి పేరుతో వచ్చే చిక్కు

వెతుకులాటలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఫోనుతో ‘జయపురం’ అని పలికితే రాజస్థాన్ రాజధాని రావచ్చు. బరంపురం అంటే పశ్చిమ బెంగాల్‌లోనూ అలాంటి పేరుతో పట్టణం ఉంది. బిస్సం కటక్ అని సగం పలికి ఆపితే కటక్ నగరానికి దారి చూపిస్తుంది. కారు నావిగేషన్లలో చాలావాటికి ముందు రాష్ట్రం, తర్వాత ఊరు అని వరుసగా ఇచ్చే పద్ధతి ఉంటుంది కాబట్టి ఈ తికమక తక్కువ. ఫోనులో ఊరి పేరు పక్కన జిల్లా పేరు తప్పక చేర్చండి, మొత్తం దూరం ఎన్ని కిలోమీటర్లో చూశాకే బయలుదేరండి. కొఠియా గ్రామాలకు వెళ్లేవారు మాత్రం ఏ పటంలోనైనా పొట్టంగి కిందా, సాలూరు కిందా వెతకాల్సి ఉంటుంది. రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న ఊళ్లు అవి.

పల్లెల్లో ఇంటి నంబర్లు ఉండవు. గూగుల్ మ్యాప్స్‌లోని ప్లస్ కోడ్, మ్యాపుల్స్ అనే దేశీ పటాల యాప్‌లోని పిన్ ఈ కొరత తీరుస్తాయి. అవి కొన్ని అక్షరాలు, అంకెలతో ఏ ఇంటికైనా ఒక చిరునామా ఇస్తాయి. పెళ్లి పత్రిక మీద ఆ కోడ్ అచ్చు వేయిస్తే బంధువులు ఊరి మొదట్లో ఆగి ఫోన్లు చేయాల్సిన పని ఉండదు.

భాష విషయంలో ఫోనే ముందుంది. గూగుల్ మ్యాప్స్ 2018లోనే తెలుగులో దారి చెప్పడం మొదలుపెట్టింది. కార్లలో అమర్చిన వ్యవస్థల్లో చాలావరకు వినిపించేది ఇంగ్లిష్ లేదా హిందీ. మన ఇళ్లలో తెలుగు ఒక్కటే చదవగలిగిన పెద్దవాళ్లకు రోడ్డు పక్కన ఒడియా, ఇంగ్లిష్ బోర్డులు అక్కరకు రావు. నాన్నగారో మామయ్యగారో బండి నడుపుతారంటే ‘ఎడమ వైపు తిరగండి’ అని తెలుగులో వినిపించడం చిన్న సౌకర్యమేమీ కాదు. కొనే ముందు ఆ గొంతు ఉందో లేదో చెవితో విని తెలుసుకోండి.

పటంలో ఉన్న ప్రతి గీతా దారి కాదు

ఇది రెండింటికీ వర్తించే హెచ్చరిక, నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాలను అతలాకుతలం చేసింది. రోడ్లు, కల్వర్టులు కొట్టుకుపోయాయి. అంతకు ముందు ఏడాది జులైలో రాయగడ జిల్లాలో ఆకస్మిక వరదలకు వంతెనలు పోయాయి. అలాంటి రోజున పటంలో గీత చెక్కుచెదరకుండా ఉంటుంది, నేల మీద మాత్రం వంతెన ఉండదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో, నావిగేషన్ చూపిన దారిలో వెళ్తున్న కారు సగం కూలిన వంతెన మీద నుంచి రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. వరద వంతెనలో కొంత భాగాన్ని తీసుకుపోయినా పటంలో ఆ మార్పు రాలేదు.

కాబట్టి వానాకాలంలో వంశధార, నాగావళి ఉపనదులు దాటే చిన్న దారులు ఏ తెర చూపించినా నమ్మవద్దు. ఇరుకు రోడ్లను ముందే హెచ్చరించే సౌకర్యాన్ని గూగుల్ 2024లో 8 నగరాలతో మొదలుపెట్టింది. వాటిలో హైదరాబాద్, భువనేశ్వర్ ఉన్నాయి గానీ మన జిల్లా కేంద్రాలు లేవు. పది కిలోమీటర్లు తగ్గుతుందని తెర చెప్పే అడవి దారి కన్నా, జాతీయ రహదారి నంబరు కనిపించే దారినే పట్టుకోండి. అనుమానం వస్తే ఎదురొచ్చే బస్సు డ్రైవరును అడగండి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మన కొండల్లో ఆ మాట ఇప్పటికీ పనిచేస్తుంది, ఒడియాలో రెండు ముక్కలు పలికితే ఇంకా బాగా పనిచేస్తుంది.

డబ్బు, ఎండ, చట్టం

కారు నావిగేషన్‌ను సాధారణంగా విడిగా అమ్మరు. పై వేరియంట్‌తో కలిపి, సన్‌రూఫ్ వంటి వాటితో పాటు ఇస్తారు. కొన్ని మోడళ్లలో ఆ తేడా లక్ష రూపాయలు దాటుతుంది. సిమ్ ఉన్న రకమైతే మొదటి కొన్నేళ్ల తర్వాత చందా కట్టాలి. ఫోనును మూడు నాలుగేళ్లకు మారుస్తాం, కారును పదేళ్లు వాడతాం. పదేళ్ల తర్వాత ఆ తెర, ఆ పటం ఎలా ఉంటాయో ఆలోచించండి. అదే డబ్బు అదనపు ఎయిర్‌బ్యాగులకో మంచి టైర్లకో పెట్టడం ఘాట్ రోడ్డు మనిషికి తెలివైన పని.

ఫోనుకు ఉన్న బలహీనత ఎండ. మే నెలలో అద్దం వెనక హోల్డరులో పెట్టిన ఫోను వేడెక్కి, తెర వెలుగు తగ్గి, ఛార్జింగ్ కూడా ఆగుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట టవరు కోసం వెతుకుతూ బ్యాటరీని మరింత తినేస్తుంది. ఫోనులోని యాప్‌లను కారు తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న కారు ఈ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. ఫోను నీడలో ఉంటుంది, పటం కారు తెర మీద వస్తుంది. కొన్ని కార్లు తమ యాంటెన్నాకు అందిన స్థానాన్ని కూడా ఫోనుతో పంచుకుంటాయి. వైరు లేని పద్ధతి కన్నా మంచి కేబులుతో కలపడం దూర ప్రయాణానికి మేలు, ఛార్జింగ్ కూడా అవుతుంది. ఈ సౌకర్యం మధ్య వేరియంట్లలో కూడా దొరుకుతుంది. చాలామందికి నేను సూచించేది ఈ వేరియంటే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం బండి నడిపేటప్పుడు ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే వాడవచ్చు, అదీ డ్రైవరు ధ్యాస చెదరకుండా. చేతిలో పట్టుకుని మాట్లాడుతూ దొరికితే మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కాబట్టి హోల్డరు గానీ, కారు తెర గానీ తప్పనిసరి.

పాత కారు ఉన్నవారు

చేతిలో ఉన్న కారుకు బయట దుకాణంలో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకునేవారు మన పట్టణాల్లో చాలామంది. ఇది చెడ్డ ఎంపిక కాదు, కానీ రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. దానితో వచ్చే చిన్న జీపీఎస్ యాంటెన్నాను బిగించేవారు తొందరలో డాష్‌బోర్డు లోపల లోహపు భాగాల మధ్య వదిలేస్తుంటారు. ముందు అద్దం కింద, ఆకాశం కనిపించే మూలలో అంటించమని పక్కన నిలబడి చెప్పండి. రెండోది, కారు వారంటీలో ఉంటే వైరు కోసే పని చేయించవద్దు, కారుకు సరిపోయే కనెక్టరుతోనే బిగించమనండి. తక్కువ ర్యామ్ ఉన్న చవక తెరలు పటం తిప్పేసరికి మలుపు దాటిపోతుంది. అలాంటిది కొనడం కన్నా మంచి హోల్డరు, మంచి ఛార్జరు కొనుక్కోవడం మేలు.

ఇక పటం దించుకునే పద్ధతి. గూగుల్ మ్యాప్స్‌లో పైన మీ బొమ్మ నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ కనిపిస్తుంది. అక్కడ వచ్చే చతురస్రాన్ని రాయగడ వరకే ఉంచి ఊరుకోవద్దు. ఒక పెట్టెలో పార్వతీపురం నుంచి విశాఖ దాకా, ఇంకో పెట్టెలో కొరాపుట్, జయపురం, మల్కన్‌గిరి పట్టేలా దించండి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు చేస్తే డేటా మిగులుతుంది. దించిన పటానికి గడువు ఉంటుంది కాబట్టి పండుగ ప్రయాణానికి ముందు ఒకసారి అప్‌డేట్ నొక్కండి. నెట్ లేనప్పుడు ఇది కారు దారి మాత్రమే చెబుతుంది. ట్రాఫిక్ ఉండదు, వేరే దారులు చూపించదు. అందుకే కొరాపుట్ నుంచి విశాఖ వెళ్లేటప్పుడు ముందు సుంకి, తర్వాత సాలూరు, ఆ తర్వాత విశాఖ అని గమ్యాలు విడివిడిగా పెట్టుకుంటే అనవసరపు అడ్డదారుల్లోకి తిప్పే అవకాశం తగ్గుతుంది.

కొండల్లోపలికి వెళ్లేవారు దీనికి తోడు ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ కూడా వేసుకోవడం మంచిది. ఇది వాడేవారే నింపే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో పూర్తిగా నెట్ లేకుండా నడుస్తుంది, ఉచితం. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండు పటాలూ దించుకోండి. ఒకటే దించితే రెండో రాష్ట్రంలోకి అడుగుపెట్టగానే వివరాలు మాయమవుతాయి. ఒక యాప్‌లో లేని కాలిబాట, చిన్న ఊరు ఇంకోదాంట్లో దొరకడం మన వైపు మామూలే.